తాతలు మూడు పూటలా అన్నమే తిన్నారు, మరి షుగర్ మనకెందుకొచ్చింది?

మా నాన్నకి షుగర్ ఉందని రిపోర్ట్ వచ్చిన రోజు ఆయన డాక్టర్ని ఏమీ అడగలేదు, ఇంటికొచ్చాక వరండాలో కూర్చుని నన్నడిగారు. "మా తాత, మా నాన్న మూడు పూటలా అన్నమే తిన్నారు కదరా, పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్లీ అన్నం. వాళ్లకి రాని షుగర్ నాకెందుకొచ్చింది?" మాది తణుకు వైపు, ఊరి చుట్టూ వరి చేలే, అన్నం తినడం తప్పంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. "ఆ రోజుల్లో కష్టపడేవాళ్లు నాన్నా" అని ఏదో అన్నాను కానీ అది సగం జవాబే అని నాకే అనిపించింది. ఆ తర్వాత మూడు నాలుగేళ్లుగా దీని మీద దొరికింది దొరికినట్టు చదువుతూ వచ్చాను. నేను డాక్టర్ని కాదు, కానీ ఇప్పుడైతే నాన్న అడిగినదానికి కొంత జవాబు చెప్పగలను, ఒక్క ముక్కలో మాత్రం చెప్పలేను, మన తిండి కథ మన జబ్బుల కథ అంతగా ముడిపడిపోయి ఉన్నాయి.

ముందు ఒక సంగతి. తాతలకి ఏమీ రాలేదన్నది నిజం కాదు. ఇదే తెల్లన్నం వల్ల వాళ్లకి ఇంకో జబ్బు వచ్చేది, దాని పేరు బెరిబెరి. కాళ్లు తిమ్మిర్లెక్కి నడవలేకపోవడం, ఒళ్లంతా నీరు పట్టడం, చివరికి గుండె దెబ్బతిని పోవడం, పాలిచ్చే తల్లికి లోపం ఉంటే నెలల పసిబిడ్డ ఉన్నట్టుండి చనిపోవడం, ఇవన్నీ ఆ జబ్బే. బ్రిటిష్ వాళ్ల కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇది బాగా కనిపించింది ఎక్కడో కాదు, ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా జిల్లాల్లోనే. కింద తమిళ జిల్లాల్లో కూడా వరన్నమే తినేవాళ్లు, అక్కడ మాత్రం ఇంత లేదు. ఎందుకని రాబర్ట్ మెకారిసన్ అనే బ్రిటిష్ డాక్టరు, ఆయనతో పాటు నారిస్ అనే ఇంకో ఆయన వెతికి 1924లో రాశారు. తేడా బియ్యంలో ఉంది. తమిళ జిల్లాలవాళ్లు తినేది ఎక్కువగా ఉప్పుడు బియ్యం, అంటే వడ్లని ముందే నానబెట్టి ఉడకబెట్టి ఎండబెట్టి ఆ తర్వాత దంచినవి లేదా మర పట్టించినవి. మనవాళ్లు తినేది పచ్చి బియ్యం, అది కూడా మర పట్టించి తెల్లగా చేసినవి. వడ్లని ఉడికించినప్పుడు తవుడు పొరలో ఉన్న బి1 విటమిన్ లోపలి గింజలోకి దిగుతుంది, తర్వాత పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. పచ్చి బియ్యానికి మర పడితే తవుడుతో పాటు ఆ విటమిన్ కూడా గేదెల కుడితిలోకి పోతుంది. దానికి తోడు మనం బియ్యం నాలుగైదు నీళ్లు కడుగుతాం, ఎసట్లో వేసి ఉడికించి గంజి వార్చేస్తాం, బి1 నీళ్లలో కరిగిపోయే రకం, కాబట్టి మిగిలిందేదన్నా ఉంటే అదీ గంజితో పోయేది.

ఇక్కడొక విషయం నాకు చాలా ఇష్టం. ఈ బి1 విటమిన్‌ని విడిగా తీసి, 1936లో ల్యాబ్‌లో తయారు చేసి చూపించిన కెమిస్ట్ రాబర్ట్ విలియమ్స్ పుట్టింది మన నెల్లూర్లో, 1886లో. అమ్మానాన్నలు బాప్టిస్ట్ మిషనరీలు. తర్వాత అమెరికా వెళ్లి, మనీలాలో ఉద్యోగం చేస్తున్నప్పుడు తవుడు కాచి తీసిన రసంతో బెరిబెరి పిల్లలు బతకడం చూసి, ఆ రసంలో ఏముందో తేల్చడానికి ఇరవై ఏళ్లకి పైగా పట్టుకుని కూర్చున్నాడు. అలాగే ఇవాళ హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్ఐఎన్, మొదలైంది 1918లో కూనూర్లో, బెరిబెరి మీద ఎంక్వైరీ కోసం మెకారిసన్ పెట్టిన చిన్న యూనిట్‌గా. 1958లో హైదరాబాద్ వచ్చింది. అంటే తెల్లన్నం తెచ్చిన జబ్బు మీద మొదలైన సంస్థే వందేళ్ల తర్వాత మళ్లీ అన్నం తగ్గించి పక్కవి పెంచండి అని మనకి చెప్తోంది.

సరే, అయితే తెల్లన్నం చెడ్డది, జొన్నలు రాగులు తింటే సరిపోతుంది అనేస్తారు చాలామంది, ఇవాళ ఏ వీడియో పెట్టినా అదే మాట. దానికీ మన దగ్గరే ఒక పాత అనుభవం ఉంది. తెలంగాణలో, దక్కన్ పీఠభూమిలో, పేదవాళ్లు ఒకప్పుడు దాదాపు జొన్నల మీదే బతికేవాళ్లు, అక్కడ బెరిబెరి లేదు గానీ పెల్లగ్రా ఉండేది. ఎండ తగిలే చోటల్లా, మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పగిలిపోవడం, విరేచనాలు, ముదిరితే మతి చెదరడం. ఇది నియాసిన్ అనే బి విటమిన్ లోటు. సి. గోపాలన్, శ్రీకంఠయ్య అనే పోషకాహార పరిశోధకులు హైదరాబాద్‌లో ఈ పేషెంట్లని చూసి, జొన్నల్లో లూసిన్ అనే అమైనో యాసిడ్, అంటే ప్రొటీన్‌లో ఉండే ఒక ముక్క, ఎక్కువగా ఉండటం దీనికి ఒక కారణం కావచ్చని 1960లో రాశారు, దాని మీద తర్వాత చాలా వాదనలు జరిగాయి, కానీ జబ్బు ఎవరికొచ్చింది అన్నదాంట్లో వాదన లేదు. జొన్నరొట్టె తిన్న ప్రతివాడికీ రాలేదు, రొట్టెలోకి పాలో పప్పో మాంసమో ఉన్నవాడికి రాలేదు, రొట్టె, కారం తప్ప ఇంకేమీ లేనివాడికి వచ్చింది. కోస్తాలోనూ అంతే, అన్నంలోకి పప్పు, ఆకుకూర, చేప దండిగా ఉన్న ఇంట్లో బెరిబెరి తక్కువ.

నేను ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఏదో ఒక్క పదార్థాన్ని దేవుడిని చేసి ఇంకోదాన్ని దెయ్యం చేసే అలవాటు మనల్ని మళ్లీ మళ్లీ తప్పుదారి పట్టిస్తోంది. అడగాల్సింది "అన్నమా, జొన్నలా" అని కాదు, కంచంలో ఆ ఒక్కటే ఎంత జాగా ఆక్రమించింది, పక్కన ఇంకేం మిగిలింది అని.

బెరిబెరికీ షుగర్‌కీ ఒక పెద్ద తేడా కూడా ఉంది, అది తెలియకపోవడం వల్లే వాట్సాప్‌లో సగం గొడవ. బెరిబెరి లోటు జబ్బు. ఒక్క పదార్థం తక్కువైంది, అది ఇస్తే మంచం మీద ఉన్న మనిషి రోజుల్లో లేచి కూర్చుంటాడు, కారణం కళ్లకి కనిపిస్తుంది. షుగర్, బీపీ, గుండె జబ్బు అలా కాదు, ఇరవై ముప్పై ఏళ్లు లోపల్లోపల తయారవుతాయి, తిండి ఒక కారణం, నిద్ర, నడక, పొగ, వంశం, తల్లి కడుపులో ఉన్నప్పటి సంగతులు, అన్నీ కలిసి. అందుకే "మా పెదనాన్న రోజూ స్వీట్లు తిని తొంభై ఏళ్లు బతికాడు" అనే మాట నిజమైనా దానితో ఏమీ తేలదు. ఇక్కడ మాట్లాడేది రిస్క్ గురించి, అంటే ఒకలా తినే వెయ్యిమందిలో ఎంతమందికి వచ్చింది, ఇంకోలా తినే వెయ్యిమందిలో ఎంతమందికి వచ్చింది అనే లెక్క.

ఆ లెక్క అన్నం మీద వేసినవాళ్లు ఉన్నారు. ప్యూర్ అని ఒక పెద్ద స్టడీ, 21 దేశాల్లో 1,32,373 మందిని సగటున తొమ్మిదిన్నర ఏళ్లు గమనించారు, 2020లో అచ్చయింది. రోజుకి 150 గ్రాముల లోపు వండిన తెల్లన్నం తినేవాళ్లతో పోలిస్తే 450 గ్రాములు, ఆపైన తినేవాళ్లకి షుగర్ వచ్చే రిస్క్ మొత్తం మీద 20 శాతం ఎక్కువ, కానీ మన దక్షిణాసియాలో అది 61 శాతం. 61 శాతం అంటే వందలో 61 మందికి వస్తుందని కాదు, చాలామంది అలాగే చదువుతారు. మాటవరసకి తక్కువ అన్నం తినే వందమందిలో పదేళ్లలో పదిమందికి వచ్చేదనుకోండి, ఎక్కువ తినే వందమందిలో పదహారు మందికి వస్తుంది. మిగతా 84 మందికి రాదు. అయినా కోట్ల జనాభా మీద ఆ ఆరుగురి తేడా ఎంతవుతుందో చూడండి. ఇంకో సంగతి, చైనాలో కూడా బాగా అన్నం తింటారు, అక్కడ ఈ తేడా దాదాపు కనిపించలేదు. అంటే అన్నం ఒక్కటే విలన్ అయితే చైనాలో కూడా అలాగే కనిపించాలి కదా. అన్నం పక్కన ఏం తింటున్నారు, తిన్నాక ఆ ఒళ్లు ఏం చేస్తోంది అన్నవి కూడా కలిస్తేనే లెక్క.

ఆ ఒళ్లు సంగతికొద్దాం. మా వైపు భాషలో చెప్తే, అన్నం అరిగి రక్తంలోకొచ్చే గ్లూకోజ్ అంటే కళ్లం నుంచి ఇంటికొచ్చే ధాన్యం. దాన్ని పోసుకునే పెద్ద గాదె మన కండ. భోజనం చేశాక ఇన్సులిన్ వచ్చి ఎక్కువ భాగాన్ని కండల్లోకి, కొంత లివర్లోకి చేరుస్తుంది. పొలం పని చేసే మనిషికి ఆ గాదె రోజూ ఖాళీ అవుతుంది, మూడు పూటలా అన్నం వచ్చినా చోటుంటుంది. మా తాత తెల్లారి లేచి చేలగట్ల వెంట తిరిగి, దుక్కి దున్ని, మోపులు మోసి వచ్చేవాడు, ఆయన గాదె సాయంత్రానికి ఊడ్చినట్టుండేది. మా నాన్న కొట్లో కూర్చుంటారు, నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాను, కళ్లం నుంచి బండ్లు మాత్రం అదే లెక్కన వస్తున్నాయి. నిండిపోయిన గాదెలోకి ఇంకా పోస్తే ఏమవుతుంది, లివర్ ఆ మిగులుని కొవ్వు కింద మారుస్తుంది, అది లివర్లోనే కొంత, పొట్ట లోపల పేగుల చుట్టూ కొంత పేరుకుంటుంది, ఆ కొవ్వు పేరుకున్న ఒంట్లో ఇన్సులిన్ మాట చెల్లదు, ఇన్సులిన్ తయారుచేసే ప్యాంక్రియాస్ గ్రంథి ఇంకా ఇంకా దాన్ని పంపుతుంది, అలా ఏళ్ల తరబడి చేసి చేసి ఒకరోజు చేతులెత్తేస్తుంది. రిపోర్ట్‌లో షుగర్ కనిపించేది అప్పుడు. మొదలైంది మాత్రం ఎప్పుడో.

మనవాళ్లలో ఇది మరీ ఎక్కువ కావడానికి ఒక కారణం మన గాదె మొదటి నుంచీ చిన్నది. పుణెలో చిత్తరంజన్ యాజ్నిక్ అనే డాక్టరు ఉన్నారు, ఆయనా, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ కలిసి దిగిన ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, ఒకటే, 22.3. చూడటానికి ఇద్దరూ సన్నమే. ఒంట్లో కొవ్వు కొలిస్తే ఇంగ్లిష్ ఆయనకి 9.1 శాతం, మన ఆయనకి 21.2 శాతం. అంటే సన్నగా ఉన్నాను కాబట్టి నాకేం కాదు అనే ధీమా మనకి పనికిరాదు. అందుకే మనవాళ్లకి బీఎంఐ 23 దాటగానే జాగ్రత్త పడమంటారు, నడుం కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదంటారు. మా నాన్న ఎప్పుడూ లావు కాదు, కాళ్లూ చేతులూ సన్నం, పొట్ట మాత్రం కొంచెం ముందుకి ఉంటుంది, మన వీధిలో ఏ అరుగు మీద చూసినా ఇదే ఒళ్లు.

మరి ఈ గాదె చిన్నది ఎందుకైంది? ఇక్కడి నుంచి కథ మన చేతుల్లోంచి మన అమ్మల, అమ్మమ్మల దగ్గరికి పోతుంది, నన్ను బాగా కదిలించింది ఈ భాగమే. యాజ్నిక్ వాళ్లు 1993 నుంచి పుణె దగ్గర ఆరు ఊళ్లలో గర్భిణులని గమనించారు. అక్కడ పిల్లలు పుట్టినప్పుడు సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్ సౌతాంప్టన్ పిల్లలు మూడున్నర కిలోలు. మన పిల్లల్లో కండ, లివర్ లాంటి అవయవాలు చిన్నవి, కానీ చర్మం కింద కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. కడుపులో తిండి చాలనప్పుడు బిడ్డ ఒళ్లు ముందు మెదడుని కాపాడుకుంటుంది, కొవ్వు దాచుకుంటుంది, కండలో, ప్యాంక్రియాస్‌లో, కిడ్నీలో పొదుపు చేస్తుంది. కరువులో పుట్టి కరువులోనే బతికితే ఆ పొదుపు సరిపోతుందేమో. కరువుకి తయారైన ఒంటిలోకి ముప్పై ఏళ్లొచ్చాక మూడు పూటలా నిండు కంచం, సాయంత్రం మిర్చిబజ్జీ, రాత్రి బిర్యానీ వచ్చి పడితే కష్టం. ఇంగ్లండ్‌లో డేవిడ్ బార్కర్ అనే డాక్టరు పాత పుట్టుక రిజిస్టర్లు తిరగేసి, తక్కువ బరువుతో పుట్టిన మగవాళ్లు పెద్దయ్యాక గుండె జబ్బుతో ఎక్కువమంది పోయారని 1989లో చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చి రేషన్ రోజుకి వెయ్యి కేలరీల కిందికి పడిపోయింది, అప్పుడు తల్లి కడుపులో ఉన్నవాళ్లకి యాభై ఏళ్లొచ్చాక పరీక్ష చేస్తే మిగతావాళ్ల కంటే షుగర్ కంట్రోల్ బాగోలేదు. బ్రిటన్‌లో యుద్ధం నాటి పంచదార రేషన్ 1953 సెప్టెంబర్ దాకా నడిచింది, ఆ రేషన్ కాలంలో కడుపులో పడి పసితనం గడిపినవాళ్లకి పెద్దయ్యాక షుగర్ రిస్క్ దాదాపు 35 శాతం, బీపీ రిస్క్ దాదాపు 20 శాతం తక్కువని 2024లో తేల్చారు. అంటే కడుపులో తిండి చాలకపోయినా నష్టమే, పసితనంలో తీపి ఎక్కువైనా నష్టమే.

ఇవన్నీ దూరదేశాలవి అనుకోకండి, మన హైదరాబాద్ పక్కనే ఇంకా మంచి రుజువు ఉంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో ఎన్ఐఎన్ వాళ్లు ఒక పని చేశారు. 15 ఊళ్లలో అప్పటికే అంగన్‌వాడీ పథకం వచ్చింది, గర్భిణులకి, బాలింతలకి, ఆరేళ్లలోపు పిల్లలకి రోజూ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా చేసి పెట్టారు, మిగతా 14 ఊళ్లకి పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్లవాళ్లయ్యాక, 2003-05 మధ్య మళ్లీ వెళ్లి వెయ్యికి పైగా మందిని పరీక్ష చేశారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడవు పెరిగారు, అది చిన్న విషయం. ఇన్సులిన్ మాట వినకపోవడం అనే గుణం వాళ్లలో 20 శాతం తక్కువ, రక్తనాళాలు కూడా కాస్త మెత్తగా, సాగే గుణంతో ఉన్నాయి. ఏ మందూ ఇవ్వలేదు, ఏ ఖరీదైన పౌడరూ లేదు, అంగన్‌వాడీ ఉప్మా. అంగన్‌వాడీ తిండి గురించి తేలిగ్గా మాట్లాడేవాళ్లకి నేను ఈ ముక్క ప్రతిసారీ చెప్తాను, అక్కడ గుడ్డు, పాలు, పప్పు సరిగ్గా అందుతున్నాయా లేదా అన్నది ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత ఆ మండలంలో ఎన్ని షుగర్ కేసులుంటాయన్నదాని మీద కూడా ప్రభావం చూపొచ్చు. పుణె ఊళ్లలోనే ఇంకోటి కూడా బయటపడింది, తల్లికి బి12 విటమిన్ తక్కువై, ఫోలేట్ (ఫోలిక్ మాత్రలో ఉండే బి విటమిన్) మాత్రం ఎక్కువున్నప్పుడు పుట్టిన పిల్లల్లో ఆరేళ్లకే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయని లక్షణం ఎక్కువ. దీనర్థం డాక్టర్ రాసిన ఫోలిక్ మాత్ర మానేయమని కాదు, అది బిడ్డ వెన్నుకి తప్పనిసరి, మానకూడదు. బి12 కూడా చూసుకోమని. అది పాలు, పెరుగు, గుడ్లు, చేప, మాంసంలోనే ఉంటుంది, శాకాహారం తినే ఇళ్లలో ఆడవాళ్లు అందరికీ వడ్డించి చివర్లో మజ్జిగ నీళ్లు పోసుకుని తింటే వాళ్లకెక్కడి నుంచి వస్తుంది.

ఇప్పుడు కంచం ఎలా మారిందో చూద్దాం. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టారు, ఆకలితో పడుకున్న ఇళ్లలో పొయ్యి వెలిగింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపు నిండిన మనకెవరికీ లేదు. కానీ దానితో పాటు ఇంకోటీ జరిగింది, కాలవలు, బోర్లు, ప్రభుత్వం ధాన్యం కొనడం, అన్నీ వరి వైపే ఉండేసరికి తెలంగాణ, సీమ పల్లెల్లో జొన్న, సజ్జ, కొర్ర పక్కకి పోయాయి, వాటితో పాటు ఆ చేలల్లో అంతరపంటగా వేసే కంది, అనుములు, పెసలు కూడా తగ్గాయి. బియ్యం చవక, కందిపప్పు ఖరీదు, మరి పేద ఇంట్లో కంచం దేనితో నిండుతుంది? అన్నంతోనే. దంపుడు బియ్యం పోయింది, 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబమసూరి లాంటి సన్నబియ్యం పెళ్లిళ్ల నుంచి రోజువారీ వంటకొచ్చింది, మల్లెపూవులా తెల్లగా లేకపోతే తినడం నామోషీ అయిపోయింది.

ఎన్ఐఎన్ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మన కేలరీల్లో బియ్యం, గోధుమ, జొన్న లాంటి ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. రెండు వేల కేలరీలు చాలే మనిషికి రోజుకి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, అంటే వండక ముందు లెక్క, ఇడ్లీ, దోశ, చపాతీ కూడా ఇందులోవే. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. పప్పులు లేదా గుడ్లు, మాంసం 85 గ్రాములు. ఒక వారం పాటు వంటింటి తూకం మీద పెట్టి మా నాన్న కంచం కొలిచాను, ఆయన ఏమీ అనుకోలేదు, అమ్మే "అన్నాన్ని తూకం వేస్తార్రా ఎవరన్నా" అని బాధపడింది. మధ్యాహ్నం 380 గ్రాముల అన్నం, రాత్రి 320, మొత్తం 700, ఇది వండాక లెక్క. కూర రెండు పూటలా కలిపి 130 గ్రాములు, పప్పు గరిటెడు, అది కూడా పల్చటి పప్పుచారు. మా ఇల్లు పేదిల్లేం కాదు, కందిపప్పు డబ్బాలో ఉంది, పెరట్లో తోటకూర ఉంది. అలవాటు, అంతే. కూర అంటే అన్నంలోకి నంజుకునేది అని మన నాలుక మీద రాసి ఉంది.

2025లో ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి, వాళ్ల పెద్ద సర్వే నుంచి తిండి లెక్కలు వచ్చాయి, మనవాళ్ల కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే, ప్రొటీన్ నుంచి 12 శాతం మాత్రమే. అందులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఏంటంటే, తెల్లన్నం మానేసి అంతే మోతాదులో గోధుమ పిండో చిరుధాన్యాల పిండో తింటే షుగర్ రిస్క్ తగ్గినట్టు కనిపించలేదు, పిండిపదార్థం కొంత తగ్గించి ఆ జాగాలో పప్పులో పాలో పెరుగో పెట్టినప్పుడు తగ్గింది. కొర్రలన్నం గిన్నెడు తిని "నేను చిరుధాన్యాలకి మారాను" అని నిశ్చింతగా ఉన్నవాళ్లు నా చుట్టూ చాలామంది ఉన్నారు, వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లకి సగం మాటే చెప్పినవాళ్ల మీద ఉంది. చిరుధాన్యాల్లో పీచు, ఖనిజాలు ఎక్కువ, తినండి, కానీ చిన్న గిన్నెతో తినండి.

ఉప్పు, నూనె గురించి ఎక్కువ రాయను, అవి అందరూ చెప్పేవే. రోజుకి ఐదు గ్రాముల ఉప్పు, అంటే చదునుగా ఒక టీ స్పూను, ఆవకాయ, అప్పడం, చిప్స్ అన్నీ అందులోనే, మనం దాన్ని దాటేస్తున్నాం, బీపీకి అది తిన్నగా దారి. ప్యాకెట్ తిండి గురించి ఒక్కటి చెప్తాను, అమెరికాలో 2019లో ఇరవైమందిని నెలరోజులు ఆసుపత్రిలోనే ఉంచి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు ఇంటి తరహా తిండి పెట్టారు, ఎంత కావాలంటే అంత తినమన్నారు, ఫ్యాక్టరీ తిండి ఉన్నప్పుడు తెలియకుండానే రోజుకి 500 కేలరీలు ఎక్కువ తినేశారు.

ఇంత చెప్పాక ఎవరికైనా వచ్చే ప్రశ్న, గాదె చిన్నగా పుట్టింది, యాభై ఏళ్లు ఇలాగే తిన్నాం, ఇప్పుడు మారిస్తే ఏం లాభం అని. లాభం ఉంది, కొలిచి చూసిన లాభం. చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం షుగర్ అంచున ఉన్న 531 మందితో మూడేళ్లు ఒక ట్రయల్ చేసింది, 2006లో ఫలితాలొచ్చాయి. ఏమీ చేయనివాళ్లలో మూడేళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది, తిండి, నడక మార్చుకున్నవాళ్లలో 39 శాతానికి. ఆశ్చర్యం ఏంటంటే వాళ్ల బరువు పెద్దగా తగ్గలేదు, అయినా పని చేసింది. చైనాలో దాచింగ్ అనే ఊళ్లో 1986లో ఇలాంటిదే ఆరేళ్లు చేసి, ముప్పై ఏళ్ల దాకా వాళ్లని చూస్తూ వచ్చారు, షుగర్ రావడం దాదాపు నాలుగేళ్లు వెనక్కి జరిగింది, గుండెపోటు, పక్షవాతం లాంటివి 26 శాతం తగ్గాయి. దేశంలో 2021 లెక్కకి 10 కోట్లకి పైగా షుగర్ ఉన్నవాళ్లు, 13.6 కోట్ల మంది అంచున ఉన్నవాళ్లు అన్నప్పుడు ఈ నాలుగేళ్లు ఎన్ని ఇళ్లకి ఎంత ఊరటో ఆలోచించండి.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. షుగర్ మాత్రలు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా అన్నం సగం చేసేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు, డాక్టర్‌కి చెప్పి డోసు సరిచేయించుకుని మొదలుపెట్టండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు పప్పులు, ప్రొటీన్ సొంతంగా పెంచకండి, వాళ్ల లెక్క వేరు.

మా ఇంట్లో ఏం చేశామంటే అన్నం మానలేదు, మా నాన్న అన్నం మానితే ఆయన మా నాన్న కాదు. వారానికి నాలుగు రోజులు ఇడ్లీ బదులు పెసరట్టు, మధ్యాహ్నం ముందు ఒక గిన్నె నిండా ముద్దపప్పు గానీ తోటకూర పప్పు గానీ, ఒక గిన్నె కూర, అవి సగం అయ్యాక అన్నం వడ్డించడం. అమ్మ కొలిచే గ్లాసుతో పూటకి ఇద్దరికీ కలిపి గ్లాసున్నర బియ్యం పోసేది, ఇప్పుడు ముప్పావు. తిన్నాక వెంటనే మంచమెక్కకుండా కాలవ గట్టు దాకా ఇద్దరూ నడిచి వస్తారు, పావుగంట. మొదటి నెల నాన్న అన్నం చాల్లేదని రోజూ అన్నారు, ఆయన అలా అంటుంటే అమ్మ కళ్లలో నీళ్లు తిరిగేవి, మొగుడికి కడుపు నిండా అన్నం పెట్టకపోవడం అంటే ఆవిడకి ఎంత కష్టమో నాకప్పుడే తెలిసింది. ఇప్పుడు గ్లాసుతో బియ్యం కొలిచేటప్పుడు పక్కనే ఇంకో గ్లాసుతో కందిపప్పు కొలుస్తోంది. రాత్రి చివర్లో గరిటెడు పెరుగన్నం మాత్రం ఆయన అడిగారు, అది ఉంచేశాం.